పెన్ డ్రైవ్‌తో ఇంటి సర్వర్: మీట నొక్కాక లోపల జరిగేది

ఇంటెల్ తరహా ప్రాసెసర్ ఉన్న మామూలు డెస్క్‌టాప్ మీట నొక్కగానే, ఆ ప్రాసెసర్ మొట్టమొదట చూసే చిరునామా 429,49,67,280. నాలుగు జీబీల హద్దుకు సరిగ్గా 16 బైట్లు ఇవతల ఉంటుందది. అక్కడ ర్యామ్ ఉండదు, హార్డ్ డిస్క్ ఉండదు. మదర్‌బోర్డు మీద వేలిగోరంత ఫ్లాష్ చిప్ ఒకటి ఉంటుంది. ఆ చిరునామాకు వచ్చిన పిలుపును మదర్‌బోర్డు ఈ చిప్‌కు మళ్లిస్తుంది. విండోస్ చెరిపేసినా, హార్డ్ డిస్క్ ఊడదీసి పక్కన పెట్టినా ఇందులోని ప్రోగ్రాం చెక్కుచెదరదు. అటకెక్కించిన పాత కంప్యూటర్‌ను ఒక పెన్ డ్రైవ్ సాయంతో ఇంటి ఫైల్ సర్వర్‌గా మార్చుకోగలుగుతున్నామంటే అందుకు ఆధారం ఈ చిప్పే.

ఫైల్ సర్వర్ అంటే ఇంట్లో ఒక మూల ఎప్పుడూ నడుస్తూ, రౌటర్ ద్వారా అందరి ఫోన్లకూ ల్యాప్‌టాప్‌లకూ టీవీకీ ఒకే ఉమ్మడి ఫోల్డర్‌ను అందించే కంప్యూటర్. దానికి తెర అక్కర్లేదు, కీబోర్డు అక్కర్లేదు. పదేళ్ల కిందటి ప్రాసెసర్ ఈ పనికి చాలు. అవసరం మాత్రం ఇవాళ ప్రతి ఇంటికీ ఉంది. అమ్మ ఫోన్‌లో మనవడి తొలి అడుగుల వీడియో, నాన్న ల్యాప్‌టాప్‌లో పట్టాదారు పాస్‌పుస్తకం స్కాన్, బీరువాలో ఎక్కడో పెళ్లి వీడియో డీవీడీ. ఎవరి దగ్గర ఏముందో ఎవరికీ తెలియదు. వాట్సాప్‌లో మామూలుగా పంపుకున్న ఫొటో అసలు ఫొటో కాదు, కుదించిన ప్రతి. గూగుల్ ఫొటోస్ ఎన్ని ఫొటోలైనా ఉచితంగా దాచుకోనిచ్చే పద్ధతిని 2021 జూన్ 1 నుంచి ఆపేసింది. అప్పటి నుంచి దాచేవన్నీ మెయిల్‌తో కలిపి 15 జీబీల కోటాలోకే వస్తాయి. దాటితే నెలనెలా అద్దె. అద్దె కట్టడం తప్పని నేననను. కానీ ఇంటి జ్ఞాపకాలకూ ఆస్తి కాగితాలకూ ఇంట్లోనే ఒక అసలు ప్రతి ఉండాలని గట్టిగా నమ్ముతాను. లోపల ఏం జరుగుతుందో కాస్త తెలిస్తే ఈ పని ఎవరైనా భయం లేకుండా చేసుకోవచ్చు.

చిన్నది పెద్దదాన్ని పిలిచే వరస

1965లో వచ్చిన పీడీపీ-8 కంప్యూటర్‌ను నిద్రలేపాలంటే మనిషి చెయ్యి పడాల్సిందే. ఆపరేటర్ ముందు పలక మీది స్విచ్‌లను పైకీ కిందికీ వేస్తూ, ఒక్కో ఆదేశాన్నీ మెమరీలోకి ఎక్కించేవాడు. ఆ కొద్దిపాటి ఆదేశాలకు తెలిసిన విద్య ఒక్కటే, పేపర్ టేప్ చదవడం. టేప్ మీద ఇంకాస్త పెద్ద ప్రోగ్రాం ఉండేది. అది తనకన్నా పెద్దదాన్ని తెచ్చుకునేది. 1975 నాటి ఆల్టెయిర్ 8800లోనూ ఇదే తంతు. స్విచ్‌ల పని ఇప్పుడు ఫ్లాష్ చిప్ చేస్తోంది, అంతే. ప్రతి దశకూ తన తర్వాతి దశను వెతికి పట్టుకునేంత తెలివి మాత్రమే ఉంటుంది. పట్టుకోగానే పగ్గాలు అప్పగించి తప్పుకుంటుంది.

చిప్‌లోని ప్రోగ్రాం మేలుకునే సమయానికి ర్యామ్ కూడా పనికి సిద్ధంగా ఉండదు. ర్యామ్‌కు ఏ వేగంతో, ఎంత వ్యవధితో సంకేతాలు పంపాలో పరీక్షించి తేల్చుకోవాలి. అందాకా ప్రాసెసర్ తన లోపలి కాష్‌నే ర్యామ్‌గా వాడుకుంటుంది. ఈ కాస్త సమయమే మనకు తెర మీద ఏమీ కనిపించని ఆ ఒకటి రెండు క్షణాలు. తర్వాత కీబోర్డు, డిస్కులు, యూఎస్‌బీ పోర్టులు ఒక్కోటీ లెక్కకు వస్తాయి. అప్పుడు ప్రశ్న: వీటిలో ఆపరేటింగ్ సిస్టం ఎక్కడుంది?

దీనికి రెండు జవాబులున్నాయి. మీ కంప్యూటర్ వయసును బట్టి ఏదో ఒకటి, లేదా రెండూ పనిచేస్తాయి. పాత జవాబు బయోస్‌ది, 1981 నాటి ఐబీఎం పీసీ వారసత్వం. అది డిస్క్‌లో మొట్టమొదటి 512 బైట్లను తీసి, ర్యామ్‌లో 31,744వ చోట పెట్టి, ఇక నువ్వు నడిపించు అని తప్పుకుంటుంది. డిస్క్ ఏ పద్ధతిలో ఫైళ్లను దాచిందో దానికి తెలియదు, అక్కర్లేదు. ఆ 512లో 446 బైట్లు ప్రోగ్రాంకు, 64 బైట్లు డిస్క్‌ను ఎలా విభజించారో చెప్పే పట్టికకు, చివరి రెండూ ముద్రకు. హెక్సాడెసిమల్‌లో ముద్ర విలువ 55, ఏఏ. అది లేకపోతే ఆ డిస్క్‌ను బయోస్ పట్టించుకోదు. 446 బైట్లంటే ఎంత తక్కువో చూడండి. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కోటి మూడు బైట్లు తీసుకుంటుంది; ఆ లెక్కన ఈ వాక్యాన్ని ఆ చోట రెండుసార్లు రాయలేం. అంత ఇరుకులో రాసిన ప్రోగ్రాం నాలుగు దశాబ్దాలుగా కోట్లాది కంప్యూటర్లను లేపుతూ వచ్చింది. నాకు ఇది కంప్యూటర్ చరిత్రలోని గొప్ప పనితనాల్లో ఒకటిగా కనిపిస్తుంది.

ఆ పట్టికలో సెక్టార్ సంఖ్యకు 32 బిట్లే కేటాయించారు. ఒక్కో సెక్టార్ 512 బైట్లు కాబట్టి 2.2 టీబీలు దాటిన డిస్క్‌లో మిగతా భాగాన్ని ఆ పట్టిక చూపలేదు. నాలుగు టీబీల డిస్క్ కొని పాత పద్ధతిలో విభజిస్తే సగం జాగా మాయమైనట్టు కనిపించేది ఇందుకే. కొత్త జవాబైన యూఈఎఫ్ఐతో పాటు వచ్చిన జీపీటీ పట్టికకు ఈ ఇబ్బంది లేదు. ఇంటెల్ తన ఇటానియం ప్రాసెసర్ల కోసం 1990ల చివర్లో మొదలుపెట్టిన ఈ యూఈఎఫ్ఐ పద్ధతిని 2005లో పలు కంపెనీల ఉమ్మడి వేదిక చేతికిచ్చింది. యూఈఎఫ్ఐకి చదువొచ్చు. ఫ్యాట్ అనే ఫైల్ వ్యవస్థను అది అర్థం చేసుకుంటుంది. పెన్ డ్రైవ్‌లో ఈఎఫ్ఐ అనే ఫోల్డర్, అందులో బూట్ అనే ఫోల్డర్, అందులో బూట్‌ఎక్స్64 అనే ఫైలు ఉందా అని చూస్తుంది. ఉంటే దాన్ని నడిపిస్తుంది.

కాపీ చేస్తే కుదరదు, రాయాలి

మొదటిసారి ప్రయత్నించేవాళ్లలో చాలామంది ఆగిపోయేది ఇక్కడే. ఇన్‌స్టాల్ చేయాల్సిన వ్యవస్థ ఐఎస్ఓ అనే ఒకే పెద్ద ఫైలుగా దిగుతుంది. దాన్ని పాటల ఫైలులాగా పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసి పెడితే కంప్యూటర్ లేవదు. కారణం పైన చెప్పిందే. బయోస్ వెతికేది డిస్క్ మొదటి 512 బైట్లలో, యూఈఎఫ్ఐ వెతికేది ఫలానా ఫోల్డర్‌లో. ఐఎస్ఓను ఊరికే కాపీ చేస్తే ఆ బూట్ ప్రోగ్రాం ఫైలు కడుపులో ఎక్కడో ఉండిపోతుంది. ఐఎస్ఓలోని మొదటి బైటు పెన్ డ్రైవ్‌లో మొదటి బైటు అయ్యేలా, రెండోది రెండోది అయ్యేలా వరసగా రాయాలి. విండోస్‌లో రూఫస్ (డీడీ పద్ధతి ఎంచుకుంటే), ఏ వ్యవస్థలోనైనా బలేనా ఎచర్, లినక్స్‌లో డీడీ ఆదేశం చేసేది ఈ పనే.

ఐఎస్ఓ అసలు సీడీల కోసం పుట్టింది. ఐఎస్ఓ 9660 ప్రమాణం 1988 నాటిది. సీడీ నుంచి కంప్యూటర్‌ను లేపే ఎల్ టొరిటో పద్ధతి 1995లో వచ్చింది. సీడీలూ పెన్ డ్రైవ్‌లూ వేర్వేరు లోకాలు. ఒకే ఫైలు రెండుచోట్లా ఎలా పనిచేస్తోంది? ఐఎస్ఓ 9660 రాసినవాళ్లు డిస్క్ ఆరంభంలో 32,768 బైట్లను ఏ పనికీ కేటాయించకుండా వదిలేశారు, ఏ వ్యవస్థకు కావాలంటే అది వాడుకోవచ్చని. సీడీ చదివే ప్రోగ్రాం ఆ భాగాన్ని చూడనే చూడదు. రెండు దశాబ్దాల తర్వాత సిస్‌లినక్స్ అనే బూట్ ప్రోగ్రాం రచయిత పీటర్ యాన్విన్ ఆ ఖాళీలో బయోస్ కోరే 512 బైట్లను పెట్టే కిటుకు చేశాడు. సీడీ డ్రైవ్ దాన్ని దాటేసి తన భాగాన్ని చదువుతుంది. పెన్ డ్రైవ్‌ను చదివే బయోస్ దాన్నే మొదట చూస్తుంది. యూఈఎఫ్ఐ కోసం ఒక చిన్న ఫ్యాట్ విభాగాన్నీ అదే ఫైలులో ఇమిడ్చారు. ఒకే బైట్ల వరసను ముగ్గురు మూడు రకాలుగా చదువుకుంటున్నారన్నమాట. ఎవరో ముందుచూపుతో ఖాళీ వదలడం, ఇంకెవరో ఎన్నో ఏళ్లకు ఆ ఖాళీ విలువ కనిపెట్టడం!

నాలుగు జీబీల పెన్ డ్రైవ్ చాలు. అందులో ఉన్నదంతా పోతుంది కాబట్టి ముందే ఖాళీ చేసుకోండి. ఐఎస్ఓను దాని తయారీదారుల సైటు నుంచే దింపుకుని, పక్కన ఇచ్చిన షా-256 విలువతో పోల్చండి. అక్షరాలూ అంకెలూ కలిపి 64 ఉండే ఆ వరస, ఫైలులో ఒక్క బిట్ తేడా వచ్చినా గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. రాయడం అయ్యాక విండోస్ ఆ డ్రైవ్‌ను చూసి ఫార్మాట్ చేయమంటారా అని అడగవచ్చు. అందులోని విభాగాలు దానికి అర్థం కాక అడుగుతుంది. వద్దనండి.

పెన్ డ్రైవ్ గుచ్చి మీట నొక్కాక ఎఫ్12 గాని ఎఫ్2 గాని డిలీట్ గాని, ఆ కంపెనీ పెట్టిన మీటను నొక్కి యూఎస్‌బీని ఎంచుకోవాలి. నమ్మకమైన సంతకం ఉన్న ప్రోగ్రాంనే లేవనిచ్చే సెక్యూర్ బూట్ ఒప్పుకోకపోతే సెట్టింగుల్లో దాన్ని ఆపాల్సి రావచ్చు. ఆ తర్వాత గ్రబ్ అనే బూట్‌లోడర్ లేస్తుంది. అది లినక్స్ కెర్నెల్‌నూ, దానితో పాటు ఒక చిన్న తాత్కాలిక ఫైల్ వ్యవస్థనూ ర్యామ్‌లోకి ఎక్కిస్తుంది. ఇన్‌స్టాలర్ నడిచేది ఆ ర్యామ్‌లో నుంచే. పెన్ డ్రైవ్ అవసరమే అందుకు. తాను నిలబడి నడుస్తున్న డిస్క్‌ను తానే పూర్తిగా చెరిపి విభజించుకోవడం ఏ ఆపరేటింగ్ సిస్టంకూ తేలిక కాదు. ర్యామ్‌లో ఉన్న ఇన్‌స్టాలర్‌కు మాత్రం హార్డ్ డిస్క్ మొత్తం ఖాళీ స్థలమే.

ఏ వ్యవస్థ?

ఇంటి సర్వర్ల కోసమే తయారైన ఉచిత వ్యవస్థలు కొన్ని ఉన్నాయి. 2005లో ఒలివియే కొషార్-లాబే అనే ఫ్రెంచి ఇంజినీరు ఫ్రీబీఎస్‌డీ మీద ఫ్రీనాస్ మొదలుపెట్టాడు. పెన్ డ్రైవ్‌లోనే ఇమిడి నడిచేంత చిన్నది అది. 2009 చివర్లో దాన్ని లినక్స్ మీదకు మార్చాలా వద్దా అన్న చర్చ వచ్చింది. ఫ్రీబీఎస్‌డీ శాఖను ఐఎక్స్‌సిస్టమ్స్ అనే అమెరికా కంపెనీ చేపట్టింది. అప్పటిదాకా ఫ్రీనాస్‌కు రాస్తున్న ఫోల్కర్ టైలె అనే జర్మన్ ప్రోగ్రామర్ డెబియన్ లినక్స్ మీద సొంతంగా మొదలుపెట్టి, 2011లో ఓపెన్‌మీడియావాల్ట్‌ను విడుదల చేశాడు. ఐఎక్స్‌సిస్టమ్స్ శాఖ పేరు ట్రూనాస్ అయింది. 2022లో వాళ్లూ డెబియన్ మీద స్కేల్ అనే రూపం తెచ్చారు. ట్రూనాస్‌కు కనీసం 8 జీబీల ర్యామ్ కావాలి. ఓపెన్‌మీడియావాల్ట్ ఒక జీబీతోనూ నడుస్తుంది. పాత డెస్క్‌టాప్‌కు నేను రెండోదాన్నే సూచిస్తాను.

ఇన్‌స్టాల్ చేయడం గురించి చెప్పాల్సింది తక్కువ. భాష, ప్రాంతం, కీబోర్డు, కంప్యూటర్ పేరు, రూట్ పాస్‌వర్డ్ అడుగుతుంది. చెబితే తన పని తాను చేసుకుపోతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం ప్రాణం లాంటిది. ఓపెన్‌మీడియావాల్ట్ తాను దిగే డిస్క్‌ను మొత్తంగా చెరిపి వాడుకుంటుంది. అందుకని వ్యవస్థకు ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ వేరుగా పెట్టి, ఫొటోలు దాచే పెద్ద డిస్కుల కేబుళ్లను ఇన్‌స్టాల్ ముగిసేదాకా పీకేయండి. తెర మీద రెండు డిస్కుల పేర్లు ఒకేలా కనిపించే అవకాశం చాలా ఎక్కువ. కేబుల్ లేని డిస్క్‌ను ఏ పొరపాటూ చెరపలేదు.

పెన్ డ్రైవ్ మీదే వ్యవస్థను శాశ్వతంగా నడపొచ్చా అని చాలామంది అడుగుతారు. ఫ్లాష్ మెమరీలో కొత్త సమాచారం రాయాలంటే ముందు ఒక పెద్ద గడిని మొత్తం చెరపాలి. ఒక్కో గడి తట్టుకునే చెరుపుళ్లకు హద్దుంది. ఎస్‌ఎస్‌డీలో ఆ అరుగుదలను అన్ని గడులకూ సమంగా పంచే కంట్రోలర్ ఉంటుంది. చవక పెన్ డ్రైవ్‌లో అది నామమాత్రం. రోజంతా లాగ్‌లు, అంటే తన పనుల చిట్టాలు, రాసే సర్వర్ దాన్ని త్వరగానే అరగదీస్తుంది. తప్పనిసరైతే లాగ్‌లను ర్యామ్‌లో ఉంచే ప్లగిన్ ఉంది. అన్‌రెయిడ్ అనే వ్యవస్థ మొదటి నుంచీ పెన్ డ్రైవ్ నుంచే లేచినా, లేవగానే మొత్తం ర్యామ్‌లోకి ఎక్కి కూర్చుంటుంది.

ముగిశాక పెన్ డ్రైవ్ తీసేసి, రీబూట్ చేసి, తెరనూ కీబోర్డునూ విప్పేయొచ్చు. ఇంట్లో మరో కంప్యూటర్ బ్రౌజర్‌లో సర్వర్ చిరునామా కొడితే, 192.168.1.10 లాంటిది, దాని నియంత్రణ పేజీ వస్తుంది. అందరికీ తెలిసిన తొలి పాస్‌వర్డ్‌తోనే అది వస్తుంది కాబట్టి ముందుగా దాన్ని మార్చండి. డిస్క్‌ను ఫార్మాట్ చేసి, ఉమ్మడి ఫోల్డర్ సృష్టించి, ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో ఖాతా ఇచ్చి, ఎస్‌ఎంబీ సేవను ఆన్ చేస్తే ఫోల్డర్ అందరికీ కనిపిస్తుంది.

ఎస్‌ఎంబీ అంటే విండోస్ కంప్యూటర్లు ఫైళ్లు పంచుకునే భాష. 1983లో ఐబీఎంలో బ్యారీ ఫైగెన్‌బామ్ దానికి రూపమిచ్చాడు, తర్వాత మైక్రోసాఫ్ట్ పెంచింది. మరి లినక్స్‌కు అది ఎలా వచ్చు? కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే పరిశోధక విద్యార్థి, 1991-92 మధ్య, తీగల వెంట పోయే ప్యాకెట్లను చూసి చూసి ఈ భాష వ్యాకరణాన్ని తనకు తానే రాబట్టాడు. ఎవరూ పుస్తకం ఇవ్వలేదు. అదే సాంబా. ఐరోపా కోర్టు తీర్పు తర్వాత, 2007 డిసెంబరులో, 10,000 యూరోల రుసుముకు మైక్రోసాఫ్ట్ అధికారిక పత్రాలు ఇచ్చే దాకా పదిహేనేళ్లు సాంబా బృందం ఇలా విని నేర్చుకుంటూనే నడిచింది. మీ ఫోన్‌లోంచి మీ డెబియన్ పెట్టెలోకి ఫొటో వెళ్లిన ప్రతిసారీ ఆ శ్రమ ఉపయోగపడుతోంది.

డిస్కులు, కరెంటు, వేసవి

వేగం గురించి ఒక చిన్న లెక్క. గిగాబిట్ తీగ అంటే సెకనుకు 125 ఎంబీలు, ఆచరణలో 110 దాకా. 500 జీబీల పాత ఫొటోలూ వీడియోలూ గంటా పావులో సర్వర్‌లోకి వెళ్లిపోతాయి. అదే రౌటర్ పోర్టు 100 మెగాబిట్లదైతే పన్నెండు గంటలు దాటుతుంది. చవక రౌటర్లలో ఇలాంటి పోర్టులు ఇంకా ఉన్నాయి. కొత్త డిస్కుల మీద డబ్బు పెట్టే ముందు రౌటర్ వెనక ఏం రాసి ఉందో చూడండి.

కరెంటు ఖర్చు కూడా లెక్క వేసుకోవాలి. పాత డెస్క్‌టాప్ ఖాళీగా ఉన్నా 50 వాట్లు లాగుతుందనుకుంటే రోజుకు 1.2 యూనిట్లు, నెలకు 36, ఏడాదికి 438. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్లాబుల పద్ధతి కాబట్టి ఈ 36 యూనిట్లు బిల్లును పై మెట్టుకు నెట్టవచ్చు. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు పొందే కుటుంబాలు మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. 10 వాట్లతో నడిచే మినీ పీసీ అయితే నెలకు ఏడు యూనిట్లే. పాతది ఉచితం కదా అనిపిస్తుంది గానీ, మూడేళ్ల బిల్లు కలిపి చూస్తే కొన్ని ఇళ్లకు మినీ పీసీయే చవక పడవచ్చు.

కరెంటు పోవడం అంతకన్నా పెద్ద విషయం. ఫైలు రాసే మధ్యలో కరెంటు పోతే, డిస్క్‌లో పేర్ల పట్టిక ఒకటి చెబుతుంది, అసలు సమాచారం మరొకటి చెబుతుంది. ఎక్స్‌ట్4 ఫైల్ వ్యవస్థ దీనికి జర్నల్ పెట్టుకుంది. కిరాణా కొట్టు షావుకారు ముందు చిట్టాలో రాసుకుని తర్వాత ఆవర్జాకు ఎక్కించినట్టు, చేయబోయే మార్పును ముందు జర్నల్‌లో రాసి, ఆ తర్వాతే అసలు చోట మారుస్తుంది. మధ్యలో ఆగినా, మళ్లీ లేచాక జర్నల్ చూసి పూర్తి చేస్తుంది, సగం రాసిందైతే కొట్టేస్తుంది. దీనితో ఫైల్ వ్యవస్థ కుప్పకూలదు గానీ, ఆ క్షణంలో రాస్తున్న ఫైలు పోవచ్చు. చిన్న యూపీఎస్ పెట్టండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాన్ని యూపీఎస్ మోడ్‌లో ఉంచండి. యూఎస్‌బీ తీగ ఉన్న యూపీఎస్ అయితే, బ్యాటరీ అయిపోతోందని సర్వర్‌కు చెప్పి దాన్ని పద్ధతిగా ఆపించగలదు.

చాలా హార్డ్ డిస్కులకు తయారీదారులు చెప్పే గరిష్ఠ ఉష్ణోగ్రత 60 డిగ్రీలు. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో బయటే 45 ఉన్నప్పుడు, గాలాడని అటక మీద పెట్టెలో ఉన్న డిస్క్ ఆ హద్దును తేలికగా తాకుతుంది. గాలి తగిలే చోట, వంటింటికి దూరంగా, నేలకు కాస్త ఎత్తులో పెట్టండి. నియంత్రణ పేజీలో స్మార్ట్ అనే విభాగం డిస్క్ వేడినీ, పాడైపోయి పక్కన పెట్టిన సెక్టార్ల సంఖ్యనూ చూపిస్తుంది. ఆ సంఖ్య పెరుగుతూ ఉంటే కొత్త డిస్క్ కొనే సమయం వచ్చిందని అర్థం.

ఇక రెయిడ్. 1988లో బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ ప్రచురించిన పత్రంతో ఈ ఆలోచన ప్రసిద్ధికెక్కింది. ఖరీదైన ఒక్క డిస్క్ బదులు చవకవి కొన్ని కలిపి, ఒకటి పోయినా సమాచారం పోకుండా చేయడం దాని ఉద్దేశం. మూడు డిస్కులున్నాయనుకోండి. మొదటిదాంట్లో ఒకచోట 1 ఉంది, రెండోదాంట్లో అదేచోట 0 ఉంది. ఆ రెండూ ఒకటే అయితే మూడోదాంట్లో 0 రాస్తారు, వేరైతే 1. ఇక్కడ 1. రెండో డిస్క్ కాలిపోయింది. మూడోది వేరు అంటోంది, మొదటిదాంట్లో 1 ఉంది, కాబట్టి పోయింది 0. ఇలా లక్షల కోట్ల బిట్లనూ తిరిగి రాబట్టవచ్చు. ఇంత చక్కటి గణితాన్ని చూసి చాలామంది, ఇక భయం లేదనుకుంటారు. భయం ఉంది. పిల్లవాడు ఫోల్డర్ చెరిపేస్తే రెయిడ్ ఆ చెరుపును అన్ని డిస్కులకూ నమ్మకంగా అమలు చేస్తుంది. వైరస్ ఫైళ్లకు తాళం వేస్తే అన్ని చోట్లా తాళం పడుతుంది. రెయిడ్ బ్యాకప్ కాదు. ఇంటికి రెండు డిస్కులే కొనగలిగితే, రెండింటినీ అద్దంలా జతచేయడం కన్నా, ఒకటి వాడుకకూ రెండోది రోజూ రాత్రి తీసే ప్రతికీ పెట్టుకోవడం మేలని నా గట్టి అభిప్రాయం.

ఊరు దాటిన ప్రతి

డాలస్‌లో ఉన్న కూతురు కూడా ఈ ఫొటోలు చూడాలనుకుంటుంది, సహజమే. అలాగని రౌటర్‌లో ఎస్‌ఎంబీ తలుపును ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టకండి. 2017 మేలో ప్రపంచాన్ని కుదిపేసిన వాన్నాక్రై వైరస్ ఎస్‌ఎంబీ పాత రూపంలోని లోపం గుండానే పాకింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. వైర్‌గార్డ్ లాంటి గుప్త సొరంగం సురక్షితమైన దారి. 2020 నుంచి అది లినక్స్ కెర్నెల్‌లోనే భాగం. మన దగ్గర చాలా బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలు ఒకే బయటి చిరునామాను ఎన్నో ఇళ్లకు పంచుతాయి కాబట్టి బయటి నుంచి మీ ఇంటిని నేరుగా పిలవడం కుదరకపోవచ్చు. వైర్‌గార్డ్ మీదే కట్టిన టెయిల్‌స్కేల్ లాంటి సేవలు ఆ ఇబ్బందిని దాటిస్తాయి.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం మునిగినప్పుడు, కింది అంతస్తుల్లో ఉన్నవాళ్లు కాగితాలూ సామాన్లూ ఒక్క పూటలో పోగొట్టుకున్నారు. అలాంటి నీటిలో సర్వర్, దాని పక్కనే ఉన్న బ్యాకప్ డిస్క్ రెండూ కలిసే పోతాయి. దొంగతనమైనా, నిప్పైనా అంతే. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రో ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 లెక్క ఇందుకే నిలిచింది: మొత్తం మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి ఊరవతలనో వేరే ఇంట్లోనో.

వేరే ఇంట్లో ఉన్న డిస్క్‌కు రోజూ వందల జీబీలు పంపనక్కర్లేదు. సాంబా రాసిన ట్రిడ్జెల్, పాల్ మెకెరాస్‌తో కలిసి 1996లో ఆర్‌సింక్ అనే సాధనం తెచ్చాడు. అవతలి కంప్యూటర్ తన దగ్గరున్న పాత ఫైలును ముక్కలు చేసి, ఒక్కో ముక్కకూ రెండు గుర్తులు కట్టి పంపుతుంది. ఒకటి చటుక్కున లెక్క కట్టగలిగే తేలిక గుర్తు, రెండోది మోసపోని గట్టి గుర్తు. ఇవతలి కంప్యూటర్ కొత్త ఫైలు మీద ఒక్కో బైటే జరుగుతూ తేలిక గుర్తును సరిచూస్తుంది. ఇంత శ్రమతో కూడిన ఈ పనిని సాధ్యం చేసింది ఆ గుర్తుకున్న ఒక లక్షణం. ఒక బైటు ముందుకు జరిగినప్పుడు మళ్లీ మొదటి నుంచి కూడనక్కర్లేదు, వదిలిన బైటును తీసేసి కొత్తదాన్ని కలిపితే చాలు. తేలిక గుర్తు కలిసినచోట మాత్రమే గట్టి గుర్తు చూస్తుంది. రెండూ కలిస్తే ఆ ముక్క అవతల ఉన్నట్టే. మిగిలిన కొత్త భాగాలే తీగ మీదకు వెళ్తాయి. ఓపెన్‌మీడియావాల్ట్‌లో ఆర్‌సింక్ సిద్ధంగానే ఉంటుంది. వేళ నిర్ణయించి పెడితే చాలు. అన్నయ్య ఇంట్లో మరో చిన్న పెట్టె, మీ ఇంటికి ఆయన ప్రతి, ఆయన ఇంటికి మీ ప్రతి.

ఇన్‌స్టాల్ ఒక సాయంత్రం పని. సర్వర్‌ను నమ్మదగ్గదిగా మార్చేది ఆ తర్వాతి పనే. నెలకోసారి బ్యాకప్ డిస్క్‌లోంచి ఏదో ఒక ఫొటో తీసి తెరిచి చూడండి. తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్టే. వేరే ఇంట్లో రెండో ప్రతి చేరి, దాన్ని ఒకసారి తెరిచి చూసుకునేంత వరకు, సర్వర్‌లోకి ఎక్కించేశాం కదా అని ఎవరి ఫోన్‌లోంచీ ఒక్క ఫొటో కూడా చెరపకండి.